స్వామీజీకి భూమి వచ్చిందా?

తిరుపతిలో పోటీ పరీక్షల పిల్లలకి పాలిటీ, అంటే రాజ్యాంగం సబ్జెక్టు, చెప్పి బతికే మాలాంటివాళ్ళకి కేశవానంద భారతి అన్నం పెట్టిన స్వామి. గ్రూప్-2 అయినా, సచివాలయం ఉద్యోగాలైనా, ఎస్సై పరీక్ష అయినా ఆయన పేరు లేకుండా ఏ బిట్ బ్యాంకూ అచ్చు కాదు. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కి ఆ పేరు పలికినా చాలు, "1973, మౌలిక స్వరూపం" అని లోపలి నుంచి కోరస్ వినిపిస్తుంది. రెండు మూడు నోటిఫికేషన్లు చూసిన ముదురు అభ్యర్థులైతే "13 మంది జడ్జీలు, 7-6" అని కూడా తగిలిస్తారు.

అప్పుడు నేనొక ప్రశ్న వేస్తాను. ఇంతకీ ఆ స్వామీజీ కోర్టుకి ఏ పని మీద వెళ్ళారు? ఆ పని అయిందా? క్లాసు మొత్తం మౌనవ్రతం. ఒకసారి ముందు బెంచీ అబ్బాయి "రాజ్యాంగాన్ని కాపాడటానికి వెళ్ళారు సార్" అన్నాడు. ముచ్చటేసింది. కానీ రాజ్యాంగాన్ని కాపాడదామని వకాలత్ మీద సంతకం పెట్టేవాళ్ళు ఎక్కడో ఒకరుంటారు. మిగతావాళ్ళంతా పొలం పోతేనో, సీటు రాకపోతేనో, ఉద్యోగం ఊడితేనో కోర్టు మెట్లెక్కుతారు.

సుప్రీంకోర్టు పెద్ద తీర్పుల్ని మనం చదువుతున్న పద్ధతి మీద నా ఫిర్యాదు ఇదే. ఏ సూత్రం పుట్టిందో కంఠతా పడుతున్నాం. ఎవరు ఏమడిగారు, చివరికి ఏం పట్టుకుని ఇంటికెళ్ళారు అన్నది గాలికి వదిలేస్తున్నాం. అది తెలియకుండా సూత్రం అర్థమైందంటే నేను నమ్మను.

కేశవానంద భారతి సంగతే చూడండి. కేరళలో కాసరగోడ్ దగ్గర ఎడనీరు మఠం ఆయనది. 1970 మార్చిలో పిటిషన్ వేసేనాటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. కేరళ ప్రభుత్వం భూసంస్కరణల చట్టం కింద మఠం భూములకి ఎసరు పెట్టింది. అది తమ మతహక్కులకీ ఆస్తిహక్కుకీ విరుద్ధమన్నది స్వామీజీ గోడు. కేసు నడుస్తుండగానే పార్లమెంటు 24, 25, 29 సవరణలు చేసేసింది. ఆ 29వ సవరణ చేసిన పనల్లా కేరళ భూసంస్కరణల సవరణ చట్టాల్ని తీసుకెళ్ళి తొమ్మిదో షెడ్యూల్లో పెట్టడం, అంటే కోర్టులు వేలు పెట్టకుండా తాళం వెయ్యడం. దాంతో మఠం పొలాల కేసు కాస్తా పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతదాకా మార్చొచ్చు అనే కేసుగా మారిపోయింది.

1972 అక్టోబరు 31న మొదలైన వాదనలు 68 రోజులు సాగాయి. స్వామీజీ తరఫున నానీ పాల్కీవాలా. 1973 ఏప్రిల్ 24న తీర్పు వచ్చింది. పార్లమెంటు ఏ అధికరణాన్నయినా సవరించుకోవచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పోకూడదు. అలా అన్న ఏడుగురిలో మన తెలుగు జడ్జి పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. ఆ వెంటనే ప్రధాన న్యాయమూర్తి సిక్రీ పదవీ విరమణ చేస్తే, షెలాత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లని దాటించి ఎ.ఎన్. రే గారికి ఆ కుర్చీ ఇచ్చింది ఇందిరాగాంధీ ప్రభుత్వం. ఆ ముగ్గురూ పార్లమెంటుకి గీత గీసిన వైపు వాళ్ళు, రే రెండోవైపు. ముగ్గురూ రాజీనామా చేసి వెళ్ళిపోయారు. తీర్పు ఖరీదు జడ్జీలు కూడా కట్టారన్నమాట.

మరి పొలాలు? 29వ సవరణ నిలబడింది. కేరళ చట్టం నిలబడింది. స్వామీజీ అడిగింది దక్కలేదు. 2020 సెప్టెంబరులో ఆయన కాలం చేసినప్పుడు దేశమంతా రాజ్యాంగ రక్షకుడని నివాళులర్పించింది. అది అబద్ధమేమీ కాదు. ఆయన 1970లో అడిగింది మాత్రం అది కాదు.

ఇదేదో ఒక్క స్వామీజీ జాతకం అనుకుంటారేమో. అంతకు ఆరేళ్ళ ముందు గోలక్‌నాథ్ కేసులోనూ ఇదే జరిగింది. జలంధర్‌లో హెన్రీ, విలియం గోలక్‌నాథ్ అనే అన్నదమ్ముల కుటుంబానికి 500 ఎకరాలకు పైగా ఉండేది. పంజాబ్ చట్టం తలా 30 ఎకరాలే ఉంచుకోమంది. సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు కూర్చుని 6-5తో ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కుదించరాదని తేల్చారు. ఆ తీర్పుకి ముందు నిలిచింది మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు, ఆంధ్ర హైకోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసినాయన. అంత పెద్ద మాట అని, ఆ పక్కనే ఇంకో మాట అన్నారు. ఈ తీర్పు ఇక ముందుకే వర్తిస్తుంది, ఇప్పటిదాకా చేసిన సవరణలు చెల్లుతాయి అని. అలా అనకపోతే అప్పటికే పంచేసిన భూములన్నీ దేశమంతటా మళ్ళీ తగాదాలో పడేవి. సుబ్బారావు గారి ఇబ్బంది నాకర్థమవుతుంది, ఆ స్థానంలో వేరే దారి కూడా కనపడదు. కానీ గోలక్‌నాథ్ ఇంటి గుమ్మంలో నిలబడి ఆలోచించండి. వాదన గెలిచారు, భూమి పోయింది. మన బిట్ బ్యాంకుల్లో మాత్రం వాళ్ళు గెలిచినవాళ్ళ లెక్కలోనే ఉన్నారు. సుబ్బారావు గారు తీర్పిచ్చాక కొద్ది వారాలకే రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. అది వేరే కథ, ఇంకోసారి.

ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని కోర్టుకెక్కిన ప్రత్యర్థి రాజ్‌నారాయణ్ కేసు ఇంకా తమాషా. 1975లో ప్రధాని ఎన్నిక మీద కోర్టులు వేలు పెట్టకూడదన్న 39వ సవరణలోని ముక్కని కోర్టు మౌలిక స్వరూపం పేరుతో కొట్టేసింది. ఆ సూత్రంతో ఒక సవరణ కూలడం అదే మొదలు. అదే తీర్పులో ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లుతుందని కూడా తేల్చింది. సూత్రం గెలిచింది, రాజ్‌నారాయణ్ ఓడిపోయాడు. మినర్వా మిల్స్ వాళ్ళూ అంతే. 1980లో 42వ సవరణలో రెండు సెక్షన్లు పడగొట్టించారు, వాళ్ళు పోగొట్టుకున్న బెంగళూరు మిల్లు మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది.

పక్క సెంటర్లో చెప్పే మిత్రుడొకడు దీనికి ఒప్పుకోడు. "అన్నా, నెగటివ్ మార్కులున్న పరీక్ష. పిల్లోళ్ళకి ఇంట్లో ఒక టెన్షన్, హాస్టల్ ఫీజు ఒక టెన్షన్. స్వామి పొలం కథ చెప్తే ఎవడికన్నా అర మార్కు వస్తుందా?" అంటాడు. రాదు. ఆ మాటకొస్తే రాజ్యాంగం మొత్తం చదివినా వచ్చే మార్కులు ఎన్నో మాకిద్దరికీ తెలుసు.

కానీ ఈ పిల్లలు ఎక్కడికి పోతున్నారో కూడా చూడాలి కదా. గ్రూప్-1 కొట్టినవాడు డిప్యూటీ కలెక్టర్ అవుతాడు, గ్రూప్-2 కొట్టినవాడు డిప్యూటీ తహసీల్దారో, ఇంకో శాఖలో అధికారో అవుతాడు. ఈ కేసుల పేర్లు ఒకసారి చూడండి. వర్సెస్‌కి అవతల చాలాసార్లు కేరళ రాష్ట్రం, పంజాబ్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. అంటే రేపు వీళ్ళు కూర్చోబోయే కుర్చీ. ఎవరి పొలానికో నోటీసు ఇచ్చేది వీళ్ళు, ఎవరి దరఖాస్తో తిరగ్గొట్టేది వీళ్ళు, హైకోర్టులో కౌంటర్ వేయించేది వీళ్ళు. ఎదుటి మనిషి ఏమడిగాడో చూడటం నేర్పకుండా సూత్రం ఒక్కటే నేర్పి పంపిస్తే, ఆ కుర్చీలో కూర్చుని కూడా ఫైలు మీద సెక్షన్ నంబరే చూస్తారు.

ఇంకో రకం కేసులుంటాయి. వాటిల్లో అడిగినవాళ్ళకి పోయిందాని కంటే అడగనివాళ్ళకి వచ్చింది ఎక్కువ. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 1993. పిల్లలు దీన్ని "విద్యాహక్కు కేసు" అని రాసుకుంటారు. ఎవరో పేద తండ్రి బిడ్డ చదువు కోసం పోరాడాడనుకుంటారు. కోర్టుకెళ్ళింది ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీలు. క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ మన రాష్ట్రం 1983లో ఒక చట్టం చేసింది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లోనూ అలాంటివి వచ్చాయి. ఆ చట్టాల మీద కాలేజీల గొడవ అది. డబ్బు కట్టి సీటు కొనుక్కునే విద్య గురించి వాదిస్తూ వాదిస్తూ, అసలు చదువు హక్కా కాదా అన్న దగ్గరికి వచ్చారు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచిత విద్య ప్రాథమిక హక్కేనని కోర్టు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, ఆయనా తెలుగాయనే. ఆ మాట 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం అయింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టంగా అమల్లోకి వచ్చింది. ఫీజుల మీద ఆ రోజు పెట్టిన ఫ్రీ సీటు, పేమెంట్ సీటు ఏర్పాటుని మాత్రం 2002లోనే 11 మంది జడ్జీలు టీఎంఏ పాయ్ కేసులో తీసేశారు. అంటే కాలేజీలు అడిగింది చివరికి చాలావరకు దక్కించుకున్నాయి, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా. ఈ మధ్యలో బడిపిల్లలకి, ఎవరూ వాళ్ళ తరఫున పిటిషన్ వెయ్యకుండానే, ఒక హక్కు వచ్చిపడింది.

దీనికి పూర్తిగా తిరగేసిన కేసు చంపకం దొరైరాజన్ కేసు. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజినీరింగ్ సీట్లకి కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లింలకి 1. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న గానీ పుట్టలేదు. కాబట్టి మదనపల్లె నుంచో చిత్తూరు నుంచో మెడిసిన్‌కి అప్లికేషన్ పెట్టిన పిల్లలకీ ఇదే లెక్క. దీన్ని సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న కొట్టేసింది. చంపకం గెలిచారు. అయితే తీర్పులోనే ఒక చిన్న విషయం ఉంది, ఏ బిట్ బ్యాంకులోనూ కనపడదు. ఆమె ఆ మెడికల్ కాలేజీకి అసలు అప్లికేషనే పెట్టలేదు. ప్రభుత్వం ఆ అభ్యంతరం లేవనెత్తలేదు కాబట్టి కోర్టు కూడా పట్టించుకోలేదు. పక్కనే ఇంజినీరింగ్ సీటు కోసం సి.ఆర్. శ్రీనివాసన్ అనే ఆయన కేసు కూడా ఉంది, ఆయన నిజంగానే అప్లై చేశాడు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

ఆ తీర్పొచ్చిన రెండున్నర నెలలు తిరక్కుండానే, జూన్ 18 నాటికి, మొదటి రాజ్యాంగ సవరణ అయిపోయింది. 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేరింది, రిజర్వేషన్ సీట్లకి దారి తెరుచుకుంది. ఆ సవరణ పాసైన పార్లమెంటులో డిప్యూటీ స్పీకర్ మన తిరుచానూరు మనిషి, మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఇవాళ మా క్లాసులో ఎస్వీ మెడికల్ కాలేజీలో అక్కో తమ్ముడో చదువుతున్న బీసీ, ఎస్సీ పిల్లలున్నారు. వాళ్ళ సీటు వెనక ఓడిపోయిన మద్రాసు ప్రభుత్వం ఉంది. ఈ కేసులో నా సానుభూతి ఓడినవాళ్ళ వైపే, దాచుకోవడం ఎందుకు.

గెలుపోటములు ఇంత సులువుగా తేలని కేసు ఒకటి ఉంది. అది చెప్పే రోజు క్లాసులో గాలి మారుతుంది. ఎస్సీ వర్గీకరణ. 2000లో మన ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి ఎస్సీ కులాల్ని నాలుగు గుంపులు చేసింది. 15 శాతంలో ఎ గ్రూపుకి 1, మాదిగలున్న బికి 7, మాలలున్న సికి 6, డికి 1. ఇ.వి. చిన్నయ్య కోర్టుకెళ్ళారు, 2004 నవంబరు 5న గెలిచారు. రాష్ట్రపతి ప్రకటించిన జాబితాలో కులాలన్నీ ఒకటే, వాటిని విడదీసే అధికారం రాష్ట్రానికి లేదు అన్నది అయిదుగురి బెంచి. ఇరవై ఏళ్ళు ఆ తీర్పే రాజ్యమేలింది. 2024 ఆగస్టు 1న పంజాబ్ నుంచి వచ్చిన దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీలు 6-1తో దాన్ని పక్కకి నెట్టేశారు. ఆ ఒక్కరు జస్టిస్ బేలా త్రివేది. 2025లో మన రాష్ట్రం మళ్ళీ వర్గీకరణ తెచ్చింది, ఈసారి మూడు గ్రూపులు: 1, 6.5, 7.5.

చిన్నయ్య కేసుని "పాత తీర్పు, రద్దు" అని ఒక్క లైనులో కొట్టిపారేసి ముందుకు పోవచ్చు, కీలో అంతకన్నా అక్కర్లేదు. కానీ క్లాసులో కుడివైపు కూర్చున్న అబ్బాయి వాళ్ళన్నకి 2004 తర్వాత ఉద్యోగం చేజారింది. ఎడమవైపు అమ్మాయికి 2025 తర్వాత టెన్షన్ మొదలైంది. ఇద్దరికీ అదే కేసు, ఇద్దరికీ వేరే వేరే నష్టం. నా మట్టుకు నాకు 2024 తీర్పే సరైందనిపిస్తుంది. జాబితాలో ఉన్నవాళ్ళంతా ఒకటే అన్నది కాగితం మీద మాట, ఊళ్ళో మాట కాదు. అలా అని ఆ అమ్మాయి భయం ఉత్తిదే అనను. లెక్కలు సరిగ్గా తియ్యకుండా గ్రూపులు కడితే ఆమె మళ్ళీ కోర్టుకి వెళ్ళొచ్చు, ఆ దారి కూడా 2024 తీర్పులోనే ఉంది. వర్గీకరణకి ఆధారాలు చూపించాల్సిన బాధ్యత రాష్ట్రం మీదే పెట్టారు.

ఆధార్ సంగతి రెండు ముక్కల్లో. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి 2012లో ఆధార్ మీద పిటిషన్ వేస్తే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. మర్నాడు పేపర్లన్నీ పండగ. 2018 సెప్టెంబరులో అదే కోర్టు ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించింది. బ్యాంకు ఖాతాకీ సిమ్ కార్డుకీ తప్పనిసరి అనడాన్ని మాత్రం కొట్టేసింది. తెల్లవారుజామున భూదేవి కాంప్లెక్స్ దగ్గర సర్వదర్శనం టోకెన్ల క్యూలో ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్ళని చూస్తే, పుట్టస్వామి గారు ఏమడిగారు, ఏం దొరికింది అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

ఇక మన ఊరి కేసు. ఇన్ని కేసులు చెప్పే నోట్సుల్లో ఇది ఒక్కటి ఎందుకు ఉండదో నాకెప్పటికీ వింతే. ఎ.ఎస్. నారాయణ దీక్షితులు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 1996 మార్చి 19. తిరుమల కొండ మీద ఎవరు పూజ చెయ్యాలి, ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వస్తుందా అన్న కేసు.

దీనికి ముందు కథ కొంచెం తెలియాలి. ఆలయ నిర్వాహకం 1843లో ఈస్టిండియా కంపెనీ చేతిలోంచి హథీరాంజీ మఠం మహంతులకి వచ్చింది. 1933లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో దేవస్థానం కమిటీ చేతికి పోయింది. పైన యజమానులు ఎంతమంది మారినా కింద మిరాశీలు అలాగే ఉండేవి. శ్రీవారి అర్చకత్వం పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు వైఖానస కుటుంబాలది, అంటే విష్ణు ఆలయ పూజా విధానం చెప్పే వైఖానస ఆగమాన్ని పాటించేవాళ్ళది. పోటులో ప్రసాదాలు చేసే గమేకార్లకి వేరే మిరాశీ. మిరాశీ అంటే పనీ, హక్కూ, రాబడీ మూడూ కలిసి వచ్చేది. స్వామికి నైవేద్యమయ్యే ప్రసాదాల్లో వాటా ఉండేది. లడ్డూకి గిరాకీ పెరిగేకొద్దీ ఆ వాటా విలువ ఎంత పెరిగుంటుందో ఊహించుకోండి.

ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆలయాల వ్యవహారం చూడమని జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ వేసింది. దాని వెనకే 1987లో 30వ నంబరు చట్టం వచ్చింది, దేవాదాయ చట్టం. 34వ సెక్షన్ మిరాశీదార్ల, అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. 144వ సెక్షన్ రాబడిలో వాటాల్ని తీసేసింది. ఊళ్ళల్లో చిన్నచిన్న గుళ్ళలో దీపం పెట్టుకుని బతికే పూజారులకీ ఇదే చట్టం, కొండ మీదివాళ్ళకీ ఇదే చట్టం. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని అప్పటికీ ఇప్పటికీ నా అభిప్రాయం.

మా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడిది గోవిందరాజస్వామి గుడి వెనక వీధి. అర్చకుల కుటుంబం. వాళ్ళ తాత గారికి 1996 తీర్పు మాట ఎత్తితే కోపం వచ్చేదట. తీర్పు ప్రింటు తీయించి తెచ్చి, ఇద్దరం కూర్చుని చదివాం. వాడు మొదట వెతికింది తమ ఇంటి పేరు. తర్వాత అడిగింది, "ఆగమం తెలియని జడ్జీలు ఆగమం గురించి ఎట్లా చెప్తారు సార్?" అని.

మంచి ప్రశ్న. తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి ఆగమాల గురించి, ధర్మం గురించి పేజీలకి పేజీలు రాశారు. పక్కన కూర్చున్న జస్టిస్ హన్సారియా మతం వేరు, ధర్మం వేరు అంటూ విడిగా ఇంకొన్ని మాటలు చేర్చారు. అసలు కీలకం మాత్రం ఒక్క విభజనలో ఉంది. పూజ ఎలా చెయ్యాలి, చేసేవాడికి ఏ దీక్ష, ఏ సంప్రదాయం ఉండాలి అన్నది మతం. ఆ అర్హత ఉన్నవాళ్ళలో ఎవరిని నియమించాలి, జీతమా వాటానా అన్నది లౌకిక వ్యవహారం. మొదటిదాని జోలికి ప్రభుత్వం రాకూడదు, రెండోదాన్ని చట్టంతో మార్చుకోవచ్చు. కోర్టు దీన్ని కొత్తగా కనిపెట్టలేదు. 1954లో శిరూరు మఠం కేసులో మతానికి ఏది ముఖ్యమో ఆ మతసిద్ధాంతాన్ని బట్టే చూడాలన్నారు. 1972లో తమిళనాడు అర్చకుల కేసు శేషమ్మాళ్‌లో అర్చకుడి నియామకం లౌకికమే, కానీ ఆగమం చెప్పిన అర్హత తప్పనిసరి అన్నారు. ఆ రెండు మెట్లెక్కి వచ్చిందే ఇది.

"అంటే వైఖానసులే చెయ్యాలి, కానీ మా నాన్న తర్వాత నేనే అనడానికి లేదు. అంతేనా?" అన్నాడు కుర్రాడు. అంతే. వాడికి న్యాయశాస్త్రం చదివినవాళ్ళ కన్నా తొందరగా ఎక్కింది.

ఈ విభజన సరైందేనా? ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి రావడం మతం కాదన్న మాటతో నేను ఏకీభవిస్తాను. అర్హత ఉన్న ఇంకో వైఖానసుడు, ఫలానా నాలుగిళ్ళలో పుట్టలేదు కాబట్టి గర్భగుడి గడప తొక్కకూడదనడానికి ఏ మహర్షి చెప్పిన ఆగమమూ అడ్డు కాదు. నాకు మింగుడుపడనిది వాటా విషయం. ప్రసాదంలో భాగాన్ని కోర్టు కూలి కింద చూసింది, కాబట్టి కూలి స్థానంలో జీతం ఇస్తే సరిపోతుందని లెక్క. ఆ ఇళ్ళల్లో మాత్రం అది స్వామి ఇచ్చిన మర్యాద. మర్యాదకి జీతం స్కేలు ఎవరు కడతారు? చిన్న గుళ్ళ పూజారులకైతే మర్యాదా పోయింది, జీతమూ సరిగా రాలేదు.

ఈ కేసుని నేను నెత్తికెత్తుకోవడానికి అసలు కారణం దాని తర్వాతి కథ. నారాయణ దీక్షితులు ఓడిపోయారు. బిట్ బ్యాంకులో పెడితే "వంశపారంపర్య అర్చకత్వం రద్దు, సమర్థన" అని ఒక్క లైను వస్తుంది. అది చదివినవాడు ఇక అర్చకత్వంలో వారసత్వం లేదని పరీక్ష రాస్తాడు. కానీ 2007లో మన శాసనసభ అదే చట్టాన్ని సవరించి, అర్చక కుటుంబాల్లో అర్హత ఉన్నవాళ్ళు కొనసాగే హక్కుని మళ్ళీ గుర్తించింది. దాని అమలుకి 2019లో జీవో ఇచ్చారు. ఈ మధ్యలో 2018 మే నెలలో టీటీడీ పాలకమండలి 65 ఏళ్ళు నిండిన అర్చకులకి రిటైర్మెంట్ అంటే, ఆ గొడవ మళ్ళీ హైకోర్టుకెక్కింది. మిరాశీ పోయాక వాళ్ళు ఉద్యోగులా, కారా అన్న ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది.

ఇందులో ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తుంది గానీ, పొసుగుతుంది. వారసత్వం మతంలో భాగం కాదని 1996లో తేలింది కాబట్టే అది శాసనసభ చేతిలోకి వచ్చింది. చేతిలో ఉన్నదాన్ని 1987లో తీసేసింది, 2007లో కొంత తిరిగిచ్చింది. రెండూ చెల్లుతాయి. కుర్రాడు ఇదంతా విని, "అయితే మేం గెలిచినామా, ఓడినామా సార్?" అన్నాడు. కోర్టులో ఓడారు, అసెంబ్లీ దగ్గర కొంత తెచ్చుకున్నారు అన్నాను. రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి ఆ తెచ్చుకున్నదాన్ని కూడా తీసేయాలనుకుంటే తీసేయొచ్చు. అప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు ఢిల్లీ వెళ్తే, అవతలి లాయరు లేచి ముందుగా చదివేది నారాయణ దీక్షితులు పేరున్న ఆ తీర్పే.